వరంగల్ దాటితే ఎసరు

చదువు అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో మనిషికి తెలివి అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. నాకైతే మరీ ఎక్కువగా ఉండేది. మడికొండలో ఐటీ కంపెనీలు వచ్చాయి కదా, నాలాంటి మేధావి కోసం కుర్చీ వేసి ఎదురుచూస్తుంటాయని నా నమ్మకం (ఏ కుర్చీ ఖాళీగా లేదని తర్వాత తెలిసింది). కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మా బాపుకు మాత్రం రైల్వే తప్ప వేరే కొలువు కొలువే కాదు. "దసరా దాక జూస్త బిడ్డా. గా కంప్యూటర్‌తోని ఇంటికి అక్కరకొచ్చే పని ఒక్కటి జేసి సూపెట్టు. లేకుంటే సప్పుడు జెయ్యక రైల్వే పరీక్షకు కూసో" అన్నాడు.

ఆ అక్కరకొచ్చే పని నాకు వంటింట్లోనే దొరికింది. ఇల్లు కాజీపేటలోనే, బాపు డ్యూటీ మాత్రం డోర్నకల్‌లో. సాయంత్రం ప్యాసింజర్ ఎక్కగానే ఫోన్ సంచిలో పడేసి నిద్రపోతాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి మాత్రం అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. అందుకని బండి వరంగల్ దాటిందని తెలిస్తేనే అమ్మ ఎసరు పెట్టేది. అది తెలుసుకోవడానికి స్టేషన్‌లో పనిచేసే పక్కింటి మామకు రోజూ ఫోన్ చేసి విసిగించేది. నేను కంప్యూటర్‌లో ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాశాను. అది ఎక్కడో ఉన్న రైల్వే వివరాల సర్వర్‌ను అడిగి బండి జాడ తెచ్చి, వరంగల్ దాటగానే "ఎసరు పెట్టు" అని తెరమీద చూపించాలి. మొదటి సాయంత్రం తల్లీకూతుళ్లం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. బండి డోర్నకల్‌లో ఉంది. ఎంతసేపు చూసినా డోర్నకల్‌లోనే ఉంది. "ఏమైందో ఏమో, జర పక్కింటన్నను అడుగుదమా?" అని అమ్మ అంటే, "కంప్యూటర్ కన్న మామకెక్కువ ఎర్కనా?" అని కసిరాను. అంతలో తలుపు తోసుకుని బాపు లోపలికొచ్చాడు. అమ్మ ఆయన్నీ తెరనూ మార్చి మార్చి చూసి, "మీరింక డోర్నకల్లనే ఉన్నరు గదా!" అంది.

పొయ్యి మీద గిన్నె కూడా లేదు. బాపు అటుకులు నములుతుంటే నేను తప్పు వెతికాను. సర్వర్‌ను మాటిమాటికీ అడగడం బాగోదని, మొదట వచ్చిన జవాబును దాచుకునేలా రాశాను. దాన్ని ఎప్పుడు పారేయాలో మాత్రం రాయలేదు. నా స్క్రిప్ట్ మళ్లీ సర్వర్ గడప తొక్కితే ఒట్టు. దాచిన జవాబునే తాజాగా తెచ్చినట్టు చూపిస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది. "పరీక్షకే కూసుంట బాపూ" అన్నాను.

"తప్పు దొరికింది గద, ఇగ ఏడుసుడెందుకు? సరిజెయ్యి. రేపు గూడ గా బండికే వస్త" అన్నాడు బాపు. అమ్మ వైపు తిరిగి, "నువ్వు పక్కింటాయనకు ఫోన్ జెయ్యకు. బిడ్డ చెప్పినప్పుడే ఎసరు పెట్టు" అన్నాడు.

మర్నాడు తెరమీద ఊళ్లు ఒక్కొక్కటే కదిలాయి. వరంగల్ దాటింది, అమ్మ పొయ్యి వెలిగించింది. బాపు వేడన్నం కలుపుకుంటూ చెయ్యి కాల్చుకుని, "జర ఎక్కువనే పనిజేస్తాంది" అన్నాడు. దసరా వచ్చింది, పోయింది, పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మడికొండలోనే కూర్చుని ఎక్కడెక్కడి సర్వర్లనో అడుగుతుంటాను. పొరపాట్లు ఇప్పటికీ చేస్తాను (ఏడవడం మానేశాను). అమ్మను కసిరిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక పూట ఆకలికి ఓర్చుకుని, రెండో పూట కూడా ఆ పిల్లనే నమ్మిన మనిషి గుర్తొస్తే ఆ నవ్వు కాస్త నెమ్మదిస్తుంది.