అవతలి కొసన కుంచె

మొన్న జమ్మికుంటలో మా ఆడబిడ్డ దినాలకు పోతే, టెంటు కింద చుట్టాలు పార్టీల వారీగా రెండు వైపులా కూర్చున్నారు. నడుమ ఖాళీ జాగా వదిలారు. అలాంటి ఖాళీని ఒకసారి పొగమంచులో చూశాను.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతి ఎన్నికల్లో, మా మామా, ఆయన అన్న పెద్దమామా చెరొక జెండా పట్టుకుని, నడివీధిలో అనరాని మాటలనుకున్నారు. ఎదురెదురుగా ఉన్న మా రెండిళ్ల తలుపులు ఆనాటి నుంచి మూసుకున్నాయి, వాడకట్టు కూడా రెండుగా చీలింది. పెద్దమామ లేవలేని స్థితిలో మంచాన పడ్డాడని విన్నా మావాళ్లెవరూ ఆ గడప తొక్కలేదు.

మాది నేతపని. మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని, అంటే పడుగును, వీధి పొడవునా పరిచి, గంజి పట్టించాక, రెండు కొసల నుంచి ఇద్దరు కుంచెలతో దువ్వుకుంటూ వచ్చి నడుమ కలవాలి. ఎండెక్కేలోగా దువ్వకపోతే పోగులు అతుక్కుని పడుగంతా పాడవుతుంది. ముప్పై ఏళ్లుగా మామకు అవతలి కొసన ఉండే మనిషి ఆ అన్నే.

ఆ చలికాలం మా ఆయన షోలాపూర్ మిల్లులో ఉన్నాడు. ఒకనాటి పొద్దున, వస్తానన్న మామ పార్టీ మనిషి రాలేదు, గంజేమో అప్పటికే పట్టించేశారు. అది పాడైతే ఆ నెల మా పొయ్యి వెలగదు. మామ ఒక్కడే దువ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి, పదడుగుల అవతల ఏమీ కనిపించని ఆ మంచులోంచి, రెండో కొసన సర్, సర్ అని కుంచె చప్పుడు వినిపించింది. మామ చెయ్యి ఆపితే అదీ ఆగింది, సాగిస్తే అదీ సాగింది.

అత్తమ్మ నా రెక్క గట్టిగా పట్టుకుంది. "అటు సూడకు పిల్లా. గా చేతి సప్పుడు నాకెరుకే. ఆయన లేవలేడంటున్రు గద?"

చప్పుడు దగ్గరికొచ్చింది. గొంగడి, దాని లోపల దవడ ఎముకలు తేలిన ముఖం. అది మనిషి ముఖమేనని పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

"ఏందిర, దయ్యాన్ని జూసినట్టు జూస్తున్నవ్? మీ పార్టోళ్లొచ్చి దువ్వుతరనుకున్నవా? గంజి ఆరుతున్నది, చెయ్యి ఆడనియ్యి."

మామ మళ్లీ కుంచె కదిలించాడు. ఇద్దరూ నడుమ దాకా దువ్వారు. పెద్దమామ తన కుంచెను తమ్ముడి చేతిలో పెట్టి, గోడ పట్టుకుని ఇంట్లోకి పోయాడు. ఆ మధ్యాహ్నం మామ జావ గిన్నె పట్టుకుని వీధి దాటి ఆ గడప తొక్కాడు. అయిదో రోజున అన్న పాడె మోశాడు. తాను పోయేదాకా మామ తన జెండా మార్చలేదు. కానీ మళ్లీ ఏ పడుగు పరిచినా, రెండు జెండాల మనుషులూ కుంచెలు పట్టుకుని వచ్చేవారు.

ఇప్పుడు నూలుకు మిల్లులోనే గంజి పట్టించి పంపుతారు, ఎవరి పనికీ అవతలి కొసన మనిషి అక్కర్లేదు. కోపం వస్తే ఎన్నేళ్లయినా నిశ్చింతగా దాచుకోవచ్చు. మొన్న ఆ టెంటు కింద లేచి, ఆ ఖాళీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చాలాసేపు చెవి ఒగ్గి విన్నాను. ఏ వైపు నుంచీ ఆ కుంచె చప్పుడు రాలేదు.