మేడం పేరు మీది వ్యాను

మొన్న కొత్తపేట సిగ్నల్ దగ్గర ఆటోలో ఎండకు మాడుతూ కూర్చున్నాను. పక్కన నిలబడ్డ హోంగార్డు ఫోను పైకెత్తి మా ముందున్న స్కూటరు నంబరును ఫొటో తీశాడు. టిక్కుమని చప్పుడైంది. స్కూటరాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మా ఆటో డ్రైవరు నవ్వి, "ఆయనకేం ఫికర్ లేదక్కా. బండి ఇంకా పాత ఓనర్ పేరు మీదనే ఉంటది. చలాన్ వాళ్లింటికి పోతది" అన్నాడు. అతనేదో ఊరికే అన్న మాట. నాకు మాత్రం వసుంధర మేడం గుర్తొచ్చారు. దిగాల్సిన చోట దిగడం మరిచిపోయి ఎల్బీ నగర్ దాకా పోయాను.

వసుంధర మేడం దిల్‌సుఖ్‌నగర్‌లో పదో తరగతి పిల్లలకు ట్యుటోరియల్ నడిపేవారు. వాళ్లది కృష్ణా జిల్లా. నేను డిగ్రీ అయిపోగానే ఆమె దగ్గర ఆఫీసు పనికి చేరాను. మనిషి గట్టిగా నవ్వేది కాదు, గట్టిగా అరిచేదీ కాదు. ఒక్క పట్టింపు మాత్రం ఉండేది. ఎవరి మీద ఫిర్యాదైనా ఆ మనిషి ముందే చెప్పాలి. ఒకసారి ఒక తండ్రి ఫోను చేసి లెక్కల సారును నానా మాటలూ అంటుంటే, మేడం ఆఖరి దాకా విని, "సాయంత్రం రండి. ఆయన కూడా ఉంటారు. ఇవే మాటలు ఆయన ముందు చెప్పండి" అని ఫోను పెట్టేశారు. ఆ తండ్రి రానేలేదు. మేడం నావైపు చూసి, "సగం తగాదాలు ఇంతే స్వరూపా, మొహం చూస్తే నిలబడవు" అన్నారు. ఇదంతా చాదస్తమని అప్పట్లో నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. బంద్ అంటే బంద్, రాస్తారోకో అంటే రాస్తారోకో. క్లాసులు ఎప్పుడు జరుగుతాయో, ఎప్పుడు ఆగుతాయో మాకే తెలిసేది కాదు. పిల్లలు తగ్గారు. వాళ్లను ఇళ్ల నుంచి తీసుకొచ్చే పాత వ్యాను ఊరికే నిలబడి ఉంటోంది, అమ్మేద్దాం అన్నారు మేడం. మా యాదయ్య మామ తీసుకుంటాడని నేనే చెప్పాను. మాది నల్గొండ దిక్కు. నాన్న పోయాక నన్ను చదివించింది మా అమ్మ తమ్ముడైన ఈ మామే. బాటసింగారంలో టెంట్ హౌస్ నడిపేవాడు, కుర్చీలూ మైకు సెట్టూ మోయడానికి వ్యాను కావాలని చాలా రోజులుగా వెతుకుతున్నాడు. మేడం బదిలీ కాగితాల మీద సంతకాలు చేసి తాళం చేతులు మామకు ఇచ్చేశారు. అప్పట్లో బండి అమ్మడమంటే అంతే. కొన్నవాడు ఎప్పుడో తీరిక చూసుకుని పేరు మార్పించుకోవాలి. మేడం రెండుమూడు సార్లు గుర్తు చేస్తే, "అయితది మేడం, అయితది" అన్నాడు మామ. ఆ 'అయితది' ఎంత పొడుగుదో మా ఇంట్లో వాళ్లకు బాగా తెలుసు.

కొన్నాళ్లకు మేడం ఇంటికి చలాన్లు రావడం మొదలైంది. ఒకటి సిగ్నల్ దాటినందుకు, ఒకటి నంబరు ప్లేటు సరిగా లేనందుకు. ప్లేటు సంగతేమిటంటే, ఆ రోజుల్లో మావాళ్లు చాలామంది బండ్ల మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపేసి టీజీ అని రాయించుకునేవాళ్లు. రాష్ట్రం ఇంకా రాలేదు, ప్లేటు మీదికి మాత్రం వచ్చేసింది. మామ కూడా రాయించాడు. ఆఖరున వచ్చిన చలాన్‌లో ఫొటో మరీ ముచ్చటగా ఉంది. హైవేకు అడ్డంగా వ్యాను, దాని నెత్తిన మైకు, పక్కన జెండా. మేడం ఆ ఫొటోను చాలాసేపు చూసి, "స్వరూపా, నేను రాస్తారోకో చేశానట" అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, వెంటనే భయమూ వేసింది.

ఆ భయం ఉత్తది కాలేదు. ఆ రోజు రోడ్డుకు అడ్డంగా నిలిపిన బండ్లన్నిటి మీదా కేసు పెడుతున్నామని, బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు రావాలని స్టేషన్ నుంచి కబురొచ్చింది. మేడం వెంట నేనూ వెళ్లాను. బండి అమ్మేశానని మేడం చెబితే, "ఎవరికమ్మిన్రో పేరు రాసియ్యుండ్రి, మీ పని అయిపోతది. లేకుంటే కోర్టుకు మీరే తిరగాలె" అన్నాడు ఎస్సై. పేరు రాసిస్తే మామ కేసులో ఇరుక్కుంటాడు. తర్వాత ఆ ఊళ్లో ఏ గొడవ జరిగినా ముందు ఆయన్నే పట్టుకుపోతారు, టెంట్ హౌస్ మూతపడుతుంది. రాసివ్వకపోతే, ఏ పాపమూ ఎరగని మేడం కోర్టు మెట్లెక్కాలి. మేడం నా మొహం కేసి చూడనైనా చూడలేదు. "ఎల్లుండి పొద్దున వచ్చి చెబుతాను" అని లేచారు. బయటికి రాగానే, "రేపు మీ మామయ్య దగ్గరకు వెళ్దాం. ఫోను చేయకు" అన్నారు.

మరునాడు ఎల్బీ నగర్ నుంచి షేర్ ఆటోలో బాటసింగారం పోయాం. మామ కుర్చీలు లెక్క చూసుకుంటున్నాడు. మేడంను చూసి కంగారుగా లేచి కుర్చీ తుడిచి వేశాడు. అత్తమ్మ లోపలికి పోయి చాయ్ పెట్టింది. మేడం చాయ్ తాగడం అయ్యేదాకా పిల్లల చదువుల గురించే మాట్లాడారు. తర్వాత చలాన్ తీసి మామ చేతిలో పెట్టి, మర్నాడు పొద్దున స్టేషన్‌లో జవాబు చెప్పాల్సి ఉందని చెప్పి, "పేరు ఎందుకు మార్పించుకోలేదు యాదయ్య గారూ?" అని అడిగారు.

మామ చలాన్ చూసి తల గోక్కున్నాడు. కానీ తగ్గలేదు. "తెలంగాణ ఇయ్యాల కాకుంటే రేపొస్తది మేడం. వొచ్చినంక టీజీ నంబరు మీదనే రాపిచ్చుకుందామనుకున్న. ఇప్పుడు ఏపీ మీద ఎక్కిచ్చుకొని, మళ్ల మార్పిచ్చుడెందుకు? జిద్దుకే ఆగిన."

"రాష్ట్రం విడిపోవడం నాకు ఇష్టం లేదు" అన్నారు మేడం. మామ వాళ్ల ఊరి నడుమ కూర్చుని, ఆ రోజుల్లో, ఈమె ఈ మాటంటారేమిటి? మేడం మాత్రం హాజరు పిలిచినట్టే మాట్లాడుతున్నారు. "మీకు ఇష్టం. అది మనం తేల్చేది కాదు, ఢిల్లీలో తేలుతుంది. ఈ బండి సంగతి మాత్రం మీరూ నేనూ తేల్చుకోవాలి. రేపు దీని కింద ఎవరైనా పడితే జైలుకు వెళ్లేది నేను."

మామ ఏదో అనబోయాడు. అత్తమ్మ గ్లాసులు తీస్తూ అడ్డుపడింది. "మన జెండ ఆమె బండికి కట్టి తిప్పుతున్నవ్. ఆమెను ఒక్కమాట అడిగినవా?" పెళ్లయిన దగ్గర్నుంచి అత్తమ్మ ఆయన్ను ఎన్నో అని ఉంటుంది, కానీ ఆ మాట మాత్రం సూటిగా తగిలింది. మామ చలాన్ మడిచి జేబులో పెట్టుకుని, "పొద్దుగాల స్టేషన్‌కు నేనే ఒస్త మేడం" అన్నాడు. మేడం సరేనన్నారు. తప్పకుండా రావాలని గానీ, రాకపోతే ఏం చేస్తాననిగానీ అనలేదు.

మర్నాడు పొద్దున స్టేషన్‌కు వెళ్లేసరికి మామ మాకంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఎస్సై అడగకముందే లేచి, "బండి నాది సార్. ఆ దినం అడ్డం పెట్టింది నేనే. మేడంకు ఏం తెల్వదు" అన్నాడు. కేసులో పేరు రాసుకున్నారు. జరిమానాలన్నీ మామే కట్టాడు. అటునుంచటే ముగ్గురం రవాణా ఆఫీసుకు వెళ్లి, ఏపీ నంబరుతోనే బండి మామ పేరు మీదికి మార్పించాం. కోర్టు వాయిదాలకు మామ చాలాకాలం తిరిగాడు. ఆ కేసు తర్వాత ఎత్తేశారు. మేం భయపడినట్టు టెంట్ హౌస్ మూతపడలేదు గానీ, ఆ వాయిదాల రోజుల్లో అత్తమ్మే షామియానాలు కట్టించాల్సి వచ్చింది.

చాలా నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు విప్పుకుని అన్నం తింటున్నప్పుడు, దాచుకోలేక అడిగేశాను. "ఆ రోజు స్టేషన్‌లో మామ పేరు చెప్పకుండా ఆగింది నాకోసమేనా మేడం?" అవునంటారనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనిపించుకోవాలనే అడిగాను.

"నీకోసం కాదు" అన్నారు మేడం. "ఆయనకు చెప్పకుండా ఆయన పేరు చెప్పకూడదని ఆగాను. ఆయన ఆ పొద్దున రాకపోయి ఉంటే రాసిచ్చేసేదాన్ని."

"నేను పక్కనే ఉన్నా?"

"నువ్వు పక్కనే ఉన్నా."

కోపం వచ్చింది, ఎందుకు రాదు? ఆమె దగ్గర అంతకాలం పనిచేసినా నాకు అంత విలువ లేదా అనిపించింది. మేడం నా డబ్బాలో ఇంత పప్పు వేసి తన అన్నం తను తిన్నారు. ఆ విషయం మా మధ్య మరెప్పుడూ రాలేదు. మేడం పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది.

ఇప్పుడు నేను ఒక బడి నడుపుతున్నాను. నా కింద పనిచేసేవాళ్ల మీద ఏదైనా మాట వస్తే ముందు వాళ్ల దగ్గరికే పోతాను, వాళ్లిచ్చిన చాయ్ తాగుతాను, మొహం చూసి మాట్లాడతాను. మేడం దగ్గర నేర్చుకున్నదంతా ఇదేనని చాలాకాలం అనుకున్నాను. కాదు, ఇది సులువైన సగం. వెళ్లి చెప్పాక కూడా మనిషి కదలకపోతే, ఆ మనిషి మనవాడే అయినా, మర్నాడు పొద్దున లేచి వెళ్లి పేరు రాసివ్వడం రెండో సగం. ఆ పొద్దున మామ రాకపోతే మేడం నన్ను పక్కన పెట్టుకునే రాసిచ్చేవారు. నాకది ఇంకా చేతకాదు.