కొరియా వియ్యంకుడి సారె

మొన్న పొద్దున కాఫీ కలుపుకుంటూ ఉంటే ఫోను టింగుమంది. రిటైరైన టీచర్లందరం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గుంపులో ఎవరో ఒక వీడియో పంపారు. కింద మలాయ్‌లో "చూడండి, కన్నీళ్ళు ఆగవు" అని రాసి, ఏడుపు బొమ్మలు నాలుగు అంటించారు. నొక్కి చూశాను. పాతబడిన చెక్క ఇల్లు, మసిబారిన పొయ్యి, దాని ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్న ఒక పెద్దావిడ. పక్కన సత్తుగిన్నె పట్టుకుని సన్నగా ఒక కొరియా పిల్ల. వెనకాల వేణువు గుండె కోసేస్తోంది. ఇంతలో నెత్తిన కట్టెల మోపుతో నీరసంగా ఒక ఆడమనిషి అటునించి ఇటు నడిచింది. ఆ నీరసమైన ఆడమనిషిని నేనే. గుంపులో అందరూ "అయ్యో పాపం" అంటున్నారు, ఒకాయన పాత బట్టలు పోగుచేసి పంపుదామా అని అడుగుతున్నాడు. వాళ్ళలో ఒక్కరూ నన్ను గుర్తుపట్టలేదు. "ఆ కట్టెలు మోసేది నేనేనండీ" అని రాసి, మళ్ళీ చెరిపేసి, చల్లారిన కాఫీ తాగేశాను.

పొయ్యి ఊదుతున్నావిడ మా వదిన. ఆ కొరియా పిల్ల మా వదిన కోడలు. మా అన్నయ్య కూడా ఉన్నాడు గానీ ఈ కథలో పెద్దగా రాడు, ఆయన ఏ కథలోనూ పెద్దగా రాడు. వాళ్ళ కొడుకు, అంటే మా మేనల్లుడు, వెల్డింగులో మంచి పనివాడు. మలేషియాలో మా ఊరు బంటింగ్‌లో ఫ్యాక్టరీ పని మానేసి, కొరియాలో దక్షిణాన సముద్రపు ఒడ్డున ఓడలు కట్టే చోటికి కాంట్రాక్టు మీద వెళ్ళాడు. అక్కడ పనివాళ్ళు జుట్టు కత్తిరించుకునే సెలూన్లో ఈ పిల్ల పనిచేసేది. వీడు వారం వారం వెళ్ళి కత్తిరించుకునేవాడట. వారం వారం కత్తిరిస్తే నెత్తి మీద ఏం మిగులుతుందని అడిగితే, నాలుగో వారం నించీ ఆ పిల్ల ఉత్తి కత్తెర శబ్దం చేసి పంపేసేదని చెప్పాడు. ఆ మాట విన్నాకే ఈ సంబంధం మీద నాకు నమ్మకం కలిగింది.

మా వదినకి మాత్రం భయం పట్టుకుంది. ఆవిడకి కొరియా అంటే రోజూ మధ్యాహ్నం టీవీలో చూసే సీరియళ్ళే. వాటిలో అత్తలందరూ మేడల్లో ఉంటారు, కోడలు నచ్చకపోతే కాఫీ హోటల్‌కి పిలిపించి గ్లాసులో నీళ్ళు మొహాన కొడతారు. "ఓలమ్మీ, ఆ పిల్ల నన్ను కూడా అలాటి అత్తే అనుకుంటాదేటి? నాను ఇప్పటిదాకా ఎవులి మొకాన్నీ నీల్లు కొట్టనేదు లా" అని, చివర మా మలేషియా "లా" తగిలించి, నా దగ్గర వాపోయింది. అటువైపు ఆ పిల్ల తండ్రి చూసే టీవీ వేరు. అక్కడ పరాయిదేశం నించి పనికొచ్చి కొరియా పిల్లల్ని చేసుకున్నవాళ్ళని రెండే రకాలుగా చూపిస్తారట. ఆ దేశంలో ఉండిపోయే కాగితాల కోసం పెళ్ళి చేసుకుని తరవాత మాయమయ్యేవాడు ఒక రకం. మంచివాడే గానీ తిండికి గతిలేక, తల్లి ఫొటో చూసి ఏడ్చేవాడు రెండో రకం. "మరి నీ మొగుడు ఏ రకం?" అని ఆ పిల్లని అడిగాను. "గుర్రెడతాడు పిన్నీ. ఆ రకం టీవీలో రాదు" అంది.

ఆ పిల్ల తెలుగు గురించి ఒక ముక్క చెప్పాలి. వీళ్ళు బంటింగ్ వచ్చేశాక, అత్తగారి దగ్గర కూర్చుని కూరలు తరుగుతూ నేర్చుకుంది కాబట్టి, మా తాతలు శ్రీకాకుళం నించి రబ్బరు తోటల్లోకి మోసుకొచ్చిన తెలుగు అచ్చంగా దాని నోట్లోకి దిగింది. మా సొంత మనవలు "తణ్ణి" అంటారు, "ఆయిర్" అంటారు, నీళ్ళు అనడం రాదు. ఈ పిల్ల "ఏటి సేత్తన్నావు పిన్నీ" అంటూ గేటు తీసుకుని వస్తుంటే పక్కింటి తమిళావిడ తలుపులోంచి తొంగిచూసేది. మొదట్లో మొగుడు పిలిచినట్టే నన్ను అత్తా అనేది. నీకు నేను అత్తని కాదు, పిన్నిని అవుతానంటే, కాగితం తెచ్చి చెట్టులా గీయించుకుంది. పూర్తయ్యాక చూసి, "అయితే మీకు అందరూ సుట్టాలే, బయటోలు ఎవులూ నేరు" అంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, అలాంటి మాట అన్న విద్యార్థి నాకు తగల్లేదు.

ఇంత నవ్వే పిల్లకీ ఒక్కటే దిగులు. తండ్రి మాట్లాడడు. ఆయన సముద్రంలో నాచు పెంచి, ఎండబెట్టి అమ్మే రైతు. భార్య ఎప్పుడో పోయింది, ఉన్నది ఈ ఒక్క కూతురే. పెళ్ళికి రాలేదు. "కాగితాల కోసం చేసుకున్నాడు, అగచాట్లు పడతావు, చూస్తూ ఉండు" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. మూడేళ్ళు గడిచాయి. ఆదివారం ఆదివారం ఇది ఫోను చేస్తుంది, అటు మోగి మోగి ఆగిపోతుంది. అలాంటప్పుడు అక్కడి టీవీవాళ్ళు, ఇలాంటి జంటల మీద కార్యక్రమం చేస్తాం, మీ ఇంటికి వస్తాం అని అడిగారు. ఈ పిల్ల వెంటనే ఒప్పుకుంది. ఎందుకంటే వాళ్ళ నాన్న రాత్రి అన్నం తిని ఆ కార్యక్రమం చూడకుండా లేవడు. ఫోనెత్తని మనిషి టీవీ అయినా చూస్తాడు కదా, నేను ఎలా ఉన్నానో ఆయన కళ్ళతో చూస్తాడు కదా అని దాని ఆశ.

మా వదిన రెండు రోజులు ముందునించే మొదలుపెట్టింది. గోడలకి రంగు వేయించింది. కోడికూర, చేప తలకాయ పులుసు, పులిహోర, గారెలు. వచ్చింది ఇద్దరు, ఒక దర్శకురాలు, ఒక కెమెరా ఆయన. దర్శకురాలు టైల్సు వేసిన హాలు చూసింది, రెండు తలుపుల ఫ్రిజ్ చూసింది, బయట రెండు కార్లు చూసింది. ఆవిడ మొహం వాడిపోయింది. కోడలితో గుసగుసలాడింది. కోడలు తల దించుకుని మాతో చెప్పింది, ఇల్లు చాలా బాగుందట, ఇంకా పాతది ఏదైనా ఉందా అని అడుగుతోందట.

పాతది ఉంది. పది నిమిషాల దూరంలో రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇళ్ళు, మేమంతా పుట్టినవి, ఇప్పుడు ఎవరో కోళ్ళు పెంచుకుంటున్నారు. వదిన నన్ను వంటింట్లోకి లాగింది. "ఆ లైనింట్లోంచి బయటికి రావడానికి నాకు ఇరవయ్యేల్లు పట్టింది. మల్లీ ఆడికే ఎల్లి కూకోమంటాదేటమ్మీ?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. అయినా మా వాళ్ళకి ఒక జబ్బుంది, ఇంటికొచ్చినవాళ్ళు ఏదడిగినా లేదనలేరు. పైగా కోడలి మొహం చూసింది. మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టి బయల్దేరింది. అక్కడ గంజి కాయమన్నారు, కాసింది. నన్ను కట్టెలు మోయమన్నారు, మోశాను. నాలుగుసార్లు మోయించారు, మొదటి మూడుసార్లూ కెమెరా చూసి నేను నవ్వానట. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఇద్దరూ కోడికూర మారు వడ్డించుకుని తిన్నారు, అది మాత్రం కెమెరాలోకి ఎక్కలేదు.

కార్యక్రమం వచ్చిన రోజు అందరం లాప్‌టాప్ ముందు చేరాం. కోడలు ఒక్కో మాటా తెలుగులో చెబుతూ వచ్చింది, మధ్యలో చెప్పడం మానేసింది. ఏమంటున్నారని నేను వదల్లేదు. "అత్త రోజూ గంజే తాగుతాదంట" అంది. "నానా?" అని వదిన లేచి నిలబడింది. ఆ రోజు ఆవిడ పడ్డ అవమానం నేను మర్చిపోలేను. అయితే వదిన ఒక్క మాట అనకముందే కోడలు ఏడవడం మొదలుపెట్టింది. "నాన్న సూసుంటాడు. నాను సెప్పినట్టే అయినాది అనుకుంటాడు. ఇంక ఎప్పుడూ ఫోనెత్తడు" అంది. వదిన తన కోపం మింగేసి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. తరవాతి ఆదివారం కూడా ఫోను మోగి మోగి ఆగిపోయింది.

నెల దాటాక ఒక రోజు వదిన ఫోను. "ఓలమ్మీ, బేగి రా. వియ్యంకుడు సారెంపినాడు!" వెళ్ళి చూస్తే హాల్లో నాలుగు పెద్ద అట్టపెట్టెలు, కొరియా నించి ఓడ మీద వచ్చినవి. ఉత్తరం లేదు. లోపల కట్టలు కట్టలుగా నాచు, ఎండు చేపలు, ఎండబెట్టిన పళ్ళు, మిరప పొడి, అటూ ఇటూ ఉన్ని దుప్పట్లు. మా బంటింగ్ ఎండకి ఉన్ని దుప్పట్లు! పాపం ఆ ముసలాయన టీవీ చూసి, పిల్ల ఆకలితో పడుకుంటోందని బెంగపడి ఉంటాడని నాకు తట్టింది. వదినకి అది తట్టలేదు. ఈ మూడేళ్ళూ వీధిలో ఎవరైనా "కోడలి పుట్టింటి సారె ఏదీ" అని ఆటపట్టిస్తే, ఓడ లేటు అని నవ్వేసేది. ఆవిడకి సారె అంటే సామాను కాదు, కన్నవాళ్ళు పిల్లని మనసారా పంపారని నలుగురికీ తెలియడం. సారె వచ్చాక దాచుకోకూడదు, ఇల్లిల్లూ పంచాలి. నేను నోరు విప్పేలోపే పళ్ళేల్లో పసుపు, కుంకుమ, పూలు పెట్టేసింది. చదువుకున్నదాన్ని, ఆపవలసింది. ఆ సంబరం చూసి నేనూ ఒక పళ్ళెం పట్టుకున్నాను. ఎదురింటి చీనా ఆవిడ ఉన్ని దుప్పటి రెండు చేతులా పుచ్చుకుని, ఇదెందుకని అడగడానికి మొహమాటపడింది. మలాయ్ ఇంటావిడ ఖాళీ పళ్ళెం వెనక్కివ్వకూడదని అరటికాయ బజ్జీలు వేసి ఇచ్చింది. నాలుగు గంటలకల్లా పెట్టెలు ఖాళీ.

అయిదింటికి కోడలు ఇక్కడ తను పనిచేసే సెలూన్ నించి మోటారుసైకిల్ మీద వచ్చింది. ఖాళీ పెట్టెల మీద తండ్రి చేతిరాత చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన సంబరంగా, నీకని అట్టిపెట్టానంటూ నాచు పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద అంటించిన చిన్న కాగితం చదివి ఆ పిల్ల నేల మీద కూలబడింది. "ఇది ముందు తిను, వానకి మెత్తబడతాది" అని రాసి ఉందట. ప్రతి పొట్లం మీదా ఆయన ఏదో ఒకటి రాసే ఉంటాడు. "మూడేల్ల తరవాత నాన్న నాతో ఆడిన మాటలు పిన్నీ. అన్నీ పంచేసినారు" అంది. ఇచ్చిన సారె తిరిగి అడగడం మాలో చావుతో సమానం. అయినా వదిన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళింది. "సరుకు మీరే ఉంచుకోండి, మీదున్న కాగితం ఇచ్చీండి సాలు" అని ఇల్లిల్లూ అడిగింది. కొందరు డబ్బాల్లోకి పోసుకుని కవర్లు పారేశారు, చెత్తబుట్టలో వెతికి ఇచ్చారు. గంటలో కొంగు నిండా ఖాళీ కవర్లతో తిరిగొచ్చింది.

ఆ కవర్లన్నీ కోడలు హాల్లో పరిచి ఒక్కొక్కటీ చదువుకుంటూ ఉండగా ఫోను మోగింది. వీడియో కాల్. వాళ్ళ నాన్న. పెట్టెలు చేరాయని కబురు అందినట్టుంది. బుగ్గలు లోపలికి పోయిన, ఎండకి నల్లబడిన మనిషి. తిన్నావా అని అడిగాడట. అంతలో ఆయన చూపు కూతురి వెనక నేల మీద పరిచిన ఖాళీ కవర్ల మీద పడింది. ఆ మొహం ఎలా అయిపోయిందో, భాష రాని నాకు కూడా అర్థమైంది. నెలల తరబడి తినమని పంపినదంతా ఒక్క పూటలో తినేసేంత ఆకలా! కోడలు బిత్తరపోయి నా వైపు చూసింది. ఏదో ఒక అబద్ధం చెప్పమని నేనే సైగ చేశాను. అది చెప్పలేదు. ఫోను తిప్పి ఆయనకి ఇల్లంతా చూపించింది, ఫ్రిజ్ తలుపులు తీసి చూపించింది, అప్పుడే పనినించి వచ్చిన మొగుణ్ణి చూపించింది. టీవీలోది మా ఇల్లు కాదని చెప్పింది. ఈసారి మోసం చేశారని ఆయన ఫోను పెట్టేస్తే, మళ్ళీ ఎత్తించడం ఎవరి తరమూ కాదు.

అప్పుడు వదిన ఫోను ముందుకొచ్చి, కొంగు సర్దుకుని, తెలుగులోనే మొదలుపెట్టింది. "అన్నగారూ, తప్పు నాదే. మీరు పిల్లకని అంపినారని తెలీక మీ సారె ఈదంతా పంచీసినాను. మాలో పిల్లనిచ్చినోలు అంపింది దాసుకోము. ఒక్క ఇల్లు కూడా ఒగ్గనేదు." కోడలు వెక్కుతూనే ఒక్కో మాటా ఆయన భాషలో చెప్పింది. ఆయన ఖాళీ కవర్ల వైపు మళ్ళీ చూశాడు. తరవాత ఎన్ని ఇళ్ళు అని అడిగాడు. ముప్పై నాలుగు అని చెప్పింది. మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు.

"అయితే ఎండు చేపలు చాలి ఉండవే" అన్నాడట.

మూడేళ్ళు ఫోనెత్తని మనిషి ఆ సాయంత్రం గంటన్నర ఫోను పెట్టలేదు. వీధిలో ఎవరెవరుంటారు, ఎవరికి ఏది నచ్చింది, దుప్పటి ఎవరింటికి వెళ్ళింది, అన్నీ అడిగాడు. తండ్రి మొహంలో కూతురూ, కూతురి మొహంలో తండ్రీ ఏవో కొత్తగా వచ్చిన గీతలు చూసుకుంటూ ఉంటే, నేను ఒక పక్కన కూర్చుని ఇద్దరినీ చూశాను. మనుషులు మాట్లాడుకోకుండా గడిపేసిన రోజులు కూడా వాళ్ళ వయసులో కలుస్తాయా, కలవవా అని అప్పటినించీ నాకొక అనుమానం.