ఆయుధపూజ నాడు గ్యాస్ తగ్గించింది ఎవరు?

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవాణ్ణి, నాకు గ్యాస్ లీకులంటేనే భయం.

బందరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పని చేస్తున్నాను. రొయ్యల్లో పురుగుమందులు ఉన్నాయేమో చూసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఒకటుంది మాకు. పనున్నా లేకపోయినా హీలియం గ్యాస్ తాగుతూ, లోపల ఓవెన్ కాగుతూ కూర్చుంటుంది. మా సీనియర్ కరీముల్లాగారు రోజూ సాయంత్రం అయిదింటికి ఒక బటన్ నొక్కి, గ్యాస్ సన్నగా తగ్గించి, వేడి దించి వెళ్లేవారు. "పని లేనప్పుడు దానికి మేతెందుకండీ?" అనేవారు. పోయిన వేసవిలో ఆయన కాలం చేశారు. ఆ పని నా మీద పడింది.

ఈ దసరాకి మిగిలింది ఒక్క సిలిండరే, అదీ అడుగంటుతోంది. కొత్తది రావడానికి వారం. పండగవగానే నాగాయలంక సాంబశివరావు బావ రొయ్యలు పరీక్షించాలి. రిపోర్టు లేకపోతే ఆయన చెరువంతా కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోతుంది, ఓడెక్కదు.

ఆయుధపూజ చేశాం. మిషన్‌కి ఆ బటన్ మీదే కుంకుమబొట్టు నేనే పెట్టాను. పూజయ్యాక పనిముట్టు ముట్టుకోకూడదని మా ఆనవాయితీ. నిష్ఠగా ముట్టుకోకుండానే తాళం వేసి గుడివాడ అత్తగారింటికి వెళ్లాను.

గ్యాస్ తగ్గించలేదన్న సంగతి మూడో రోజు తిరుగు బస్సులో వెలిగింది. ఇన్‌ఛార్జి ఎస్తేరు మేడమ్‌కి ఫోన్ చేశాను.

"నాకా పట్టింపు లేదు కదండీ. ఒక్క మాట చెబితే నేను నొక్కేదాన్ని."

"తాళంచెవులు రెండూ నా జేబులోనే ఉన్నాయి మేడమ్."

"మీ భక్తికి దణ్ణమండీ."

వెళ్లేసరికి ల్యాబ్ గుమ్మంలో మేడమ్, ఐసు పెట్టెతో బావ. తలుపు తీశాం. సిలిండర్ ముల్లు దాదాపు వదిలిన చోటే ఉంది. ఓవెన్ చల్లగా ఉంది. కరెంటు పోలేదు. పండగ నాడు సాయంత్రం అయిదింటికి ఎవరో బటన్ నొక్కి గ్యాస్ తగ్గించినట్టు మిషన్ రికార్డులో ఉంది. టైమర్ పెట్టారేమోనని వెతికాం, లేదు. బటన్ మీద నా బొట్టు మాత్రం చెదరలేదు.

మధ్యాహ్నానికి శాంపిళ్లన్నీ పాస్. వరండాలో బావ కేక వీధి చివరికి వినపడింది. "ఓడెక్కినట్టే బావా! అంతా నీ చేతి చలవ!"

ఆ చెయ్యి నాది కాదు. కొత్త సిలిండర్ వచ్చేదాకా పాతదే సరిపోయింది.

శాంపిళ్లు పాసైన సాయంత్రమే మేడమ్ లాగ్‌బుక్ నా ముందుకు తోశారు. పండగ తేదీ వేసి, గ్యాస్ తగ్గించిన టైము అయిదు అని రాశాను. 'తగ్గించినవారి సంతకం' అన్న గడి దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆడిట్‌వాళ్లు ఇంకా చూడలేదు.