కొండ మీది చివరి ఇల్లు

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉన్న రోజుల్లో నేను ఒక కన్సల్టెన్సీలో నీటి సరఫరా ఇంజినీరుగా పనిచేసేదాన్ని. పక్క టౌన్ చివర పొలాల్లో కొత్త ఇళ్లు కడతామని, మా ఆఫీసుకు తరచూ పనులిచ్చే ఒక బిల్డరు దరఖాస్తు పెట్టాడు. ఉన్న నీళ్లు, ఉన్న పైపులు వాటికి చాలతాయో లేదో శుక్రవారానికల్లా మేం, అనుమతినిచ్చే టౌన్ కౌన్సిల్‌కు చెప్పాలి.

జలాశయంలో నీళ్లకు కొదవ లేదు. చిక్కంతా పైపులతోనే. కంప్యూటర్‌లో కొత్త ఇళ్లను కలిపి చూసిన ప్రతిసారీ, పొద్దున అందరూ స్నానాలు చేసే వేళకు ఆ టౌన్‌లోనే కొండ మీది పాత వీధిలో నీటి ప్రెషర్ పడిపోతోంది. మా మేనేజరేమో అప్పటికే "చాలతాయి" అని లెటర్ టైపు చేయించి, సంతకం కోసం నా బల్ల మీద పెట్టాడు.

"ఆ వీధి నుంచి ఒక్క కంప్లయింట్ కూడా లేదు. నీ లెక్కలోనే ఏదో తేడా ఉంది," అన్నాడు.

ఇంట్లో చెబితే మా ఆయన హడలిపోయాడు. "మన వర్క్ పర్మిట్ మీ ఆఫీసు వాళ్ల చేతిలో ఉండాదని మర్చిపోయినావా? సంతకం పెట్టేస్తే పోలా?"

"అనంతపురంలో బిందె పట్టుకోని లైన్లో నిలబడినదాన్ని. ఎట్ల పెట్టేది?" అన్నాను. అన్నానే గానీ, నాకూ భయంగానే ఉంది.

చివరికి మేనేజరును ఒక పరీక్షకు ఒప్పించాను. బుధవారం పొద్దున ఆయన పొలం దగ్గర, మంటలార్పడానికి రోడ్డు పక్కనుండే నీటి గొట్టం, ఫైర్ హైడ్రెంట్ తిప్పి, కొత్త ఇళ్లు వాడేటన్ని నీళ్లు వదిలాడు. నేను కొండ మీద చివరి ఇంట్లో, వంటింటి పైపుకు ప్రెషర్ చూపే గేజ్ బిగించి, కుళాయి తిప్పి నిలబడ్డాను. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ నా పక్కనే నిలబడి చూస్తోంది.

గేజ్ ముల్లు కొంచెం దిగి ఆగిపోయింది. తప్పు నాదేనా? ఏడున్నర దాటి, ఊరంతా కుళాయిలు తిప్పేకొద్దీ ముల్లు మళ్లీ కదిలింది. కుళాయి ధార దారంలా సన్నబడింది. గోడకున్న, నీళ్లు కాచే బాయిలర్ ప్రెషర్ చాలక టక్కుమని ఆరిపోయింది.

"వేసవి పొద్దుల్లో అప్పుడప్పుడూ ఇట్లాగే అవుతుందమ్మాయ్," అంది ఆవిడ. "మా ఇంటి పైపులు పాతవి కదా, అందుకేననుకున్నాను."

"కట్టేయండి!" అని ఫోన్‌లో అరిచాను.

మేనేజరు నమ్మలేదు. "రేపు హైడ్రెంట్ దగ్గర నువ్వుండు, ఆ ఇంట్లో నేనుంటాను," అన్నాడు.

గురువారం చలిలో హైడ్రెంట్ తిప్పి, ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను. ఏడున్నర దాటాక మేనేజరు మెల్లగా, "చాలు, కట్టెయ్," అన్నాడు.

ఆ మధ్యాహ్నం పాత లెటర్ చించేసి, కొండ మీదికి కొత్త పైపు వేసేదాకా ఆ ఇళ్లకు నీళ్లు చాలవని ఇద్దరం కలిసి రాశాం. శుక్రవారం కౌన్సిల్ మీటింగ్‌లో బిల్డరు మనుషులు నా లెక్కలను ఎగతాళి చేశారు.

"ఆ కుళాయి దగ్గర నిలబడింది నేను," అన్నాడు మేనేజరు.

పైపు పడ్డాకే ఇళ్లలోకి మనుషులు దిగాలని కౌన్సిల్ షరతు పెట్టింది. నా పర్మిట్‌కు ఏమీ కాలేదు. ఆ బిల్డరు పని మాత్రం మళ్లీ మా ఆఫీసు గడప తొక్కలేదు.