గొలుసు ప్రార్థనలో నేను తెంపిన చోటు

దేవునికి నేను స్తోత్రం చెల్లించుకోవలసినవి చాలా ఉన్నాయి. నాకు బుద్ధి చెప్పిన ఒక పన్నెండేళ్ళ పిల్ల వాటిలో ముందుంటుంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, దాన్ని చాలాకాలం భక్తి అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా ఫ్లాటులో ఆదివారం సాయంత్రాలు తెలుగు ప్రార్థన కూటం జరిగేది. మాకు పాస్టరుగారు లేరు. వారమంతా ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు చూసే నేనే అక్కడ వాక్యం చెప్పేవాణ్ణి. ఆ తర్వాత గొలుసు ప్రార్థన. వరసగా కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. పిల్లలు హిందీలో మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. కనీసం ఇక్కడైనా తెలుగు వినబడాలని నా పట్టుదల.

ఆ ఆదివారం పెంతెకొస్తు దినం గురించి చెప్పాను. ఆత్మ దిగివచ్చినప్పుడు ఎవరి భాషలో వాళ్ళు దేవుని గొప్పకార్యాలు విన్నారని అరగంట ఊదరగొట్టాను. మర్నాడు పొద్దున్నే మా పై అంతస్తు నుంచి కూటానికొచ్చే చెల్లెమ్మకి గుండె ఆపరేషన్. వంతు ఆమె కూతురి దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ తల అడ్డంగా ఊపి తప్పించుకునే పిల్ల ఆరోజు మొదటిసారి నోరు విప్పింది.

"ప్రభుజీ, మమ్మీ కో..."

"తెలుగులో చెయ్యమ్మా," అన్నాను.

పిల్ల ఆగిపోయింది. పక్కనున్నాయన అందుకున్నాడు. తల్లి కళ్ళు మూసుకునే ఉంది గానీ చెంపలు తడిసిపోయాయి.

అందరూ వెళ్ళాక మా ఆవిడ చాపలు చుడుతూ, "ఆత్మకి హిందీ రాదని ఇందాక చెప్పలేదే మీరు," అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్‌కి ముందు బిడ్డ నోట ఒక్క ప్రార్థన వినాలని ఆ తల్లి ఎంత ఆశపడిందో, దాన్ని చేజేతులా నేనే చెడగొట్టాను.

పొద్దున్నే ఆసుపత్రికి పరుగెత్తాను. అప్పటికే ఆమెని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. నన్ను చూడగానే ఆమె భర్త, "ప్రార్థన చెయ్యండి బ్రదర్," అన్నాడు. నేను పిల్ల దగ్గరికెళ్ళాను.

"నిన్న తప్పు నాదమ్మా. నువ్వు మొదలుపెట్టింది నువ్వే పూర్తి చెయ్యి."

"హిందీ మే?" అంది అనుమానంగా.

"నీకెలా వస్తే అలా."

వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. నాలుగైదు మాటలే. చివర్న, "మమ్మీ కో వాపస్ భేజ్ దేనా, బస్," అంది, అమ్మని తిరిగి పంపించెయ్యి, అంతే చాలు అని. నేను ఆమేన్ అన్నాను. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది.

రెండు నెలలకి ఆ చెల్లెమ్మ తన కాళ్ళ మీద నడిచి కూటానికి వచ్చింది. నేను క్షమాపణ చెప్పబోతుంటే వద్దని వారించింది.

"మత్తు ఎక్కేదాకా నా చెవుల్లో దాని గొంతే ఉంది బ్రదర్," అంది. "భయమెయ్యలేదు."