జనవరిలో మునిగిన ఓడలు

మా చిన్నప్పుడు జనవరి వచ్చిందంటే చాలు, మా గోధుమ ఓడలు వరసపెట్టి మునిగిపోయేవి... కంగారు పడకండి, కంప్యూటర్‌లో ఓడలే.

మాది అండమాన్ దీవుల్లోని మాయాబందర్. నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి, చేపల వేట చేసుకుంటూ ఇక్కడే స్థిరపడ్డవాడు. కంప్యూటర్ మాది కాదు, మా లెక్కల మాస్టారిది. ఆయన కూతురు సుధ, నేను ఏడో తరగతిలో ఒకే బెంచీ. బడి వదలగానే సంచీ మా ఇంట్లో గిరాటేసి వాళ్ళింట్లో వాలిపోయేదాన్ని.

వాళ్ళ మావయ్య చెన్నై నుంచి పంపిన సీడీల్లో అట్ట లేనిది ఒకటుండేది. మీద రాసిన పేరు కూడా చెరిగిపోయింది... క్రీస్తుకు ముందు గ్రీకుల కాలంలో జరిగే ఆట. మన చేతిలో ఒక ద్వీపం పెడతారు. స్తంభాల గుడి, రేవు, గిడ్డంగి కట్టుకోవాలి. ద్వీపంలో గోధుమ పండదు, సముద్రం దాటి తెచ్చుకోవాలి. పదేళ్ళు ఊరు నిలబడితే గెలిచినట్టు.

తక్కిన పిల్లలంతా కార్ల ఆటలు, తుపాకుల ఆటలు ఆడేవాళ్ళు. మాదాన్ని "రేషన్ షాపు ఆట" అని వెక్కిరించేవాళ్ళు. మాకు మాత్రం అదే లోకం.

పైగా మేం మహా తెలివిగా ఆడుతున్నామనుకునేవాళ్ళం. జూన్, జూలైల్లో ఓడలన్నీ రేవులో కట్టేసేవాళ్ళం. ఎందుకంటే ఆ నెలల్లో మా నాన్న చిన్న పడవ, డోంగీ కూడా ఒడ్డెక్కి ఉంటుంది, ఇక్కడ గాలీ అలలూ అలాంటివి. జనవరి, ఫిబ్రవరిల్లో మా సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. అందుకని ఆటలో జనవరి రాగానే అన్ని ఓడల్నీ ఒక్కసారే వదిలేవాళ్ళం... తుఫాను వచ్చి అన్నీ గల్లంతు. ఆకలితో ఊరు ఖాళీ.

"అరే యార్, ఫిర్ డూబ్ గయా! మళ్ళీ మునిగింది! ఈ కంప్యూటర్ చీటింగ్ చేస్తోంది" అని సుధ మౌస్‌ని బల్లకేసి కొట్టేది.

ఇంతలో మాస్టారికి పోర్ట్ బ్లెయిర్ బదిలీ అయింది. పదిహేను రోజుల్లో ప్రయాణం. కంప్యూటర్ అట్టపెట్టెలోకి వెళ్ళేలోపు ఒక్కసారైనా గెలవాలని ఇద్దరం పట్టుబట్టాం. అప్పుడు మాకు అంతకంటే పెద్ద పని లేదు.

ఒకరోజు నాన్న మాస్టారింటికి చేపలిద్దామని వచ్చి, తడికాళ్ళతో లోపలికి రాలేక గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పుడే తెర మీద మూడు ఓడలు మునిగాయి.

"ఒలే అమ్మడూ, ఆటిల్లో మడుసులున్నారేటే?" అన్నాడు.

మేమెప్పుడూ ఆ ఆలోచనే చెయ్యలేదు. సుధ ఒక ఓడ మీద నొక్కి చూసింది. "ఒక్కోదాన్లో పద్నాలుగు మంది, అంకుల్" అంది.

నాన్న చేపల బుట్ట గుమ్మం పక్కన దించాడు.

"ఇది మన సంద్రమేటే? పరాయి సంద్రం. నానీడికొచ్చిన కొత్తలో ఏడాదంతా ఒడ్డునే ఉండి సూసినాను. ఏ నెల్లో ఏ గాలొస్తాదో తెలిసినాకే ఏటకెల్లినాను."

నిజమే. మా పేటలో కొత్తగా వచ్చినవాళ్ళంతా అంతే. మొదటి ఏడాది జెట్టీలో మోత పనో, కట్టెల పనో చేసుకుంటూ సముద్రాన్ని చూసేవాళ్ళు. ఆ తర్వాతే సొంత డోంగీ.

మర్నాడు మేమూ అదే చేశాం. ఆటలో ఒక ఏడాదంతా ఒక్క ఓడనూ కదపలేదు. ఊరికి సగం తిండే పెట్టి, నోటు పుస్తకంలో నెలలూ గాలులూ రాసుకున్నాం. తీరా చూస్తే ఆ సముద్రం మా సముద్రానికి తలకిందులు... నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ తుఫాన్లు, జూన్ జూలైల్లో ప్రశాంతం!

ఇక చూడండి మా ఆట. వేసవిలో గిడ్డంగి నింపడం, చలికాలం ఓడలు కట్టెయ్యడం. తొమ్మిదేళ్ళు ఊరు చెక్కుచెదరలేదు.

ఆఖరి రోజొచ్చింది. సామానంతా మూటలు కట్టేశారు, కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. ఆటలో పదో ఏడు, జనవరి నెల. శత్రువులు వచ్చి మా గిడ్డంగి తగలబెట్టారు. రేవులో ఒకే ఒక్క ఓడ. పంపితే గోధుమ రావచ్చు, రాకపోనూ వచ్చు. పంపకపోతే మాత్రం ఊరు పోయినట్టే.

"భేజ్ దే యార్, పంపెయ్! ఊళ్ళో ఐదొందల మంది ఉన్నారు. ఓడలో పద్నాలుగు మందే కదా" అంది సుధ.

తన లెక్క తప్పని నేను ఈ రోజుకీ అనలేను. కానీ మౌస్ నా చేతిలో ఉంది... నా వేలు కదల్లేదు. ఆ పద్నాలుగు మందిలో మా నాన్న ఉన్నట్టే అనిపించింది. ఊరు పోయింది. మేం ఓడిపోయాం.

సుధ వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు జెట్టీలో, పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే రేవుకు వెళ్ళే బోటు ఎక్కేటప్పుడు నా వైపు తిరగను కూడా తిరగలేదు.

ఆ సాయంత్రం వల బాగుచేసుకుంటున్న నాన్న దగ్గర కూర్చుని నేనూ ఏడ్చాను. నా వల్ల ఊరంతా ఆకలితో పోయిందని చెప్పాను.

"ఒడ్డు మీదోలు ఏ దుంపో తవ్వుకు తింటారే. రేషన్ ఓడ రాని దినాల మేం తిననేదేటి? నీటి మీదోడు ఏటి తవ్వుకుంటాడు?" అన్నాడు నాన్న.

ఆ ఆటలో దుంపలు లేవు. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

ఇప్పుడు ఏ గాలి ఎప్పుడొస్తుందో ఫోనే చెప్పేస్తోంది. కొత్తగా వచ్చినవాళ్ళు వారం తిరక్కుండానే ఇంజన్ పడవేసుకుని వేటకు పోతున్నారు, ఏడాది ఆగి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఆ ఆట గురించి ఎవర్నడిగినా తెలియదంటున్నారు... మీలో ఎవరైనా ఆడి ఉంటే, అలాంటి జనవరిలో మీరేం చేశారో కింద రాయండి.

సుధా, ఇది నీ కంట పడితే నువ్వూ ఒక మాట రాయి. నిన్ను ఏడిపించినందుకు ఇన్నేళ్ళుగా బాధపడుతూనే ఉన్నాను... కానీ ఇప్పుడు మళ్ళీ ఆడినా, ఆ ఓడను నేను పంపను.